ఎగువన చలి, దిగువన దాహం



శ్రీశైలంలో ఉన్న నీళ్లను కరెంటు కోసం వదలాలా, సాగు కోసం దాచాలా అన్న తగువు మనకు కొత్త కాదు. 2021 జూన్, జులై నెలల్లో ఎడమగట్టు పవర్‌హౌస్‌లో తెలంగాణ కరెంటు ఉత్పత్తి మొదలుపెట్టింది. నీటిమట్టం పెరగనివ్వకుండా కిందికి వదిలేస్తున్నారని ఆంధ్రప్రదేశ్ లేఖల మీద లేఖలు రాసింది. ప్రాజెక్టుల దగ్గర పోలీసులు కాపలా నిలబడ్డారు. ఎవరి వాదన సరైనదో తేల్చడం ఈ రోజు నా పని కాదు. ఒక్క సంగతి మాత్రం గమనించండి. ఆ తగువులో ఇద్దరికీ ఫిర్యాదు చేసుకునే చోటంటూ ఒకటుంది. కృష్ణా బోర్డు ఉంది, ఢిల్లీలో జలశక్తి శాఖ ఉంది, ట్రిబ్యునల్ ఉంది, ఆఖరికి సుప్రీంకోర్టు ఉంది.

ఒక్కసారి ఆ ఢిల్లీయే లేదనుకోండి. నిన్నటిదాకా ఉన్నది, పొద్దున లేచేసరికి లేదు. డ్యామ్ ఒక దేశంలో ఉంది, ఆయకట్టు ఇంకో దేశంలో ఉంది, గేట్లు ఎప్పుడు ఎత్తాలో చెప్పే అధికారికి జీతమిచ్చే ఖజానా ఎక్కడా లేదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు మధ్య ఆసియాలో జరిగింది ఇదే. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ అని ఐదు కొత్త దేశాలు లేచాయి. ఐక్యరాజ్యసమితి పత్రాలు వీటిని పరివర్తన దశలోని ఆర్థిక వ్యవస్థలంటాయి. సర్కారే విత్తనం నుంచి వస్త్రం దాకా అన్నీ నడిపిన పద్ధతి వదిలి, బజారు పద్ధతికి మారుతున్న దేశాలని అర్థం. రాజ్యాంగాలు మారాయి, డబ్బు నోట్లు మారాయి, జెండాలు మారాయి. నదులు మాత్రం పాత దారినే పారాయి.

ఈ దేశాలు మనకు మరీ పరాయివేమీ కావు. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాళ్లు ముందుగా చెప్పేది అక్కడి చలి గురించే. ఈ ప్రసంగంలో ఆ చలికి పెద్ద పాత్రే ఉంది, కాబట్టి దాన్ని గుర్తుంచుకోండి.

ముందు నదుల సంగతి. మధ్య ఆసియాకు ప్రాణం పోసేవి రెండు నదులు. సిర్‌దార్యా కిర్గిజ్ కొండల మంచు కరిగి పుడుతుంది. అముదార్యా పామీర్ కొండల్లో, ఎక్కువ భాగం తజికిస్తాన్‌లో పుడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే మొదటిదాంట్లో ఏటా సుమారు 1,300 టీఎంసీల నీళ్లు, రెండోదాంట్లో అంతకు రెట్టింపు పైనే. కొండ దేశాల దగ్గర నీళ్లున్నాయి గానీ చమురు లేదు, గ్యాస్ లేదు. దిగువనున్న మైదానపు దేశాల దగ్గర గ్యాస్ ఉంది, బొగ్గు ఉంది, చమురు ఉంది, నీళ్లు మాత్రం పైనుంచి రావాలి. రెండు నదులూ చివరికి చేరేది అరల్ సముద్రం. పేరుకు సముద్రం, నిజానికి సరస్సు. 1960లో అది ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. విస్తీర్ణం 68 వేల చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగానికి పైన ఒకే నీటి పలక.

ఆ నీటిలో చేపలు సమృద్ధిగా ఉండేవి. 1921లో వోల్గా తీరంలో కరువొస్తే అరల్ జాలరులను చేపలు పంపమని లెనిన్ అడిగాడు. వాళ్లు 14 వ్యాగన్ల చేపలు పంపారు. ఆ ఘట్టం అరల్‌స్క్ రైల్వే స్టేషన్ గోడ మీద రంగురాళ్ల బొమ్మగా ఇప్పటికీ ఉంది. ఉత్తరాన కజకిస్తాన్‌లో అరల్‌స్క్, దక్షిణాన ఉజ్బెకిస్తాన్‌లో మొయ్‌నాక్, ఈ రెండూ రేవు పట్నాలు. మొయ్‌నాక్‌లో చేపలను డబ్బాల్లో నింపే పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. 1950ల చివర్లో ఈ సరస్సులో ఏటా 40 వేల టన్నులకు పైగా చేపలు పడేవి.

తర్వాత పత్తి వచ్చింది. మాస్కోకు పత్తి కావాలి, విదేశాల నుంచి కొనకూడదు. కాబట్టి ఎడారిలో పండించాలి. 1954లో అముదార్యా నుంచి కారాకుమ్ కాలువ తవ్వకం మొదలైంది. పూర్తయ్యేసరికి పొడవు 1,300 కిలోమీటర్లు దాటింది. చాలా భాగానికి అడుగున లైనింగ్ లేదు. ఇసుకలో తవ్విన కాలువలో నీళ్లు ఎంత ఇంకిపోతాయో మన కాలువ చివరి రైతును అడిగినా చెబుతాడు. 1960 ప్రాంతంలో ఆ నదుల కింద సుమారు 45 లక్షల హెక్టార్ల సాగు ఉండేది. సోవియట్ యూనియన్ విడిపోయేనాటికి అది 70 లక్షలు దాటింది. సరస్సుకు చేరే నీళ్లు తగ్గాయి, కొన్నేళ్లు అసలే చేరలేదు. ఉప్పు పెరిగింది, చేపలు చచ్చాయి, ఒడ్డు వెనక్కి జరిగింది. 1987 నాటికి సరస్సు రెండు ముక్కలైంది. ఆరిన అడుగు నుంచి ఉప్పూ, పత్తి చేల పురుగుమందూ కలిసిన దుమ్ము లేచి ఊళ్ల మీద పడింది. ఇప్పుడు ఆ ఎడారికి అరల్‌కుమ్ అని పేరే వచ్చింది.

ఇది తెలియక జరిగిందనుకోకండి. సరస్సు కుంచించుకుపోతుందని ప్లాను వేసినవాళ్లకు ముందే తెలుసు. పత్తి విలువ చేపల విలువ కన్నా ఎక్కువని లెక్క కట్టి మరీ చేశారు. సైబీరియా నదులను దక్షిణానికి మళ్లించి లోటు పూడుస్తామన్నారు. నదుల అనుసంధానం మాట వింటూ పెరిగిన మనకు ఆ ఆశ బాగానే అర్థమవుతుంది. 1986లో గోర్బచోవ్ ప్రభుత్వం ఆ పథకాన్ని పక్కన పడేసింది. మరో ఐదేళ్లకు ప్రభుత్వమే లేకుండా పోయింది.

ఇక 1992 ఫిబ్రవరి 18. ఐదు కొత్త దేశాల నీటి మంత్రులు అల్మాటీలో కూర్చుని ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. సారాంశం ఒకటే: సోవియట్ కాలంలో ఎవరి వాటా ఎంతో ఇకముందూ అంతే. అందరూ కలిసి ఒక సమన్వయ సంఘం పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అరల్ సముద్రాన్ని కాపాడే అంతర్జాతీయ నిధి ఒకటి ఏర్పడింది. ఐదుగురు దేశాధ్యక్షులు దానికి పెద్దలయ్యారు.

ఆ ఒప్పందాన్ని తేలిగ్గా తీసెయ్యలేను. అదే సమయంలో యుగోస్లావియా రక్తంలో మునుగుతోంది. తజికిస్తాన్‌లోనే కొన్ని నెలల్లో అంతర్యుద్ధం మొదలైంది. అలాంటి రోజుల్లో నీటి గురించి ఎవరూ ఎవరి మీదా తుపాకి ఎత్తకుండా ఆ కాగితం కాపాడింది. కానీ అదే కాగితం మాస్కో వేసిన పత్తి లెక్కను శాశ్వతం చేసింది. పై దేశాలకు తమ కొండల్లో పుట్టిన నీటిలో చిన్న వాటా. ఆ వాటాలు వేసిన రోజుల్లో పై దేశాలకు బదులుగా ఏం దక్కేదో, అది మాత్రం కాగితంలో రాలేదు. అసలు చిక్కు అక్కడే పడింది.

కిర్గిజ్‌స్తాన్‌లో సిర్‌దార్యాకు ప్రధాన ఉపనది నారిన్. దాని మీద తొక్తొగుల్ డ్యామ్ ఉంది. ఎత్తు 215 మీటర్లు, నిల్వ 19.5 ఘన కిలోమీటర్లు, అంటే సుమారు 690 టీఎంసీలు. శ్రీశైలం ఇప్పటి సామర్థ్యానికి మూడు రెట్లు పైనే. సోవియట్ కాలంలో దీన్ని నడిపిన తీరు ఇది. ఏడాది మొత్తం వదిలే నీటిలో ముప్పాతిక భాగం ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, కింద ఉజ్బెక్, కజక్ పత్తి చేలకు. చలికాలంలో నీళ్లు దాచిపెట్టేవారు. మరి చలికాలంలో కిర్గిజ్ ఇళ్లకు వేడి? దానికి ఉజ్బెకిస్తాన్ నుంచి గ్యాస్, కజకిస్తాన్ నుంచి బొగ్గు వచ్చేవి. ఒకే జేబులోంచి ఇంకో జేబులోకి. బిల్లు ఎవరూ రాసుకోలేదు, రాయాల్సిన అవసరం రాలేదు.

విడిపోయాక గ్యాస్‌కు బజారు ధర పడింది. బిల్లు కట్టకపోతే ఉజ్బెకిస్తాన్ గొట్టం కట్టేసేది. నీటికి మాత్రం ధర లేదు, అది పాత వాటా ప్రకారం ఉచితం. ఇప్పుడు మీరు బిష్కెక్‌లో కూర్చున్న విద్యుత్ మంత్రి అనుకోండి. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు కింద. గ్యాస్ లేదు, బొగ్గు రాలేదు. జనం కరెంటు హీటర్లు పెట్టుకున్నారు. మీ దేశపు కరెంటులో తొంభై శాతం దాకా నీటి నుంచే. మీ దగ్గర 690 టీఎంసీల డ్యామ్ ఉంది. ఏం చేస్తారు? వాళ్లూ అదే చేశారు. జనవరిలో గేట్లు ఎత్తారు. వేసవిలో వదిలే భాగం సగానికి తగ్గిపోయింది.

కింద ఏం జరిగిందో చూడండి. చలికాలంలో సిర్‌దార్యా దిగువ భాగం గడ్డకట్టి ఉంటుంది. మంచు పరిచిన నదిలో వరద పట్టదు. కజకిస్తాన్‌లో చర్‌దరా రిజర్వాయర్ నిండిపోయింది, కట్ట తెగే ప్రమాదం వచ్చింది. మిగులు నీళ్లను పక్కనున్న ఉజ్బెక్ పల్లపు నేల అర్నసాయ్‌లోకి వదిలారు. అక్కడి చెరువులు ఉబ్బి విస్తరించాయి. వేసవి వచ్చేసరికి దిగువ రైతులు పత్తికి నీళ్లు లేవని మొత్తుకున్నారు. జనవరిలో వరద, జులైలో కరువు, అదీ ఒకే నదిలో, ఒకే ఏడాదిలో. వాన తక్కువై కాదు, పద్దు పుస్తకం చిరిగిపోయి వచ్చిన కరువు అది.

1998 మార్చిలో కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ కలిసి ఆ పాత మార్పిడిని మళ్లీ కాగితం మీద పెట్టాయి. తర్వాత తజికిస్తాన్ చేరింది. వేసవిలో కిర్గిజ్‌స్తాన్ నీళ్లు వదలాలి, అప్పుడు పుట్టే మిగులు కరెంటును దిగువ దేశాలు కొనాలి, బదులుగా చలికాలానికి గ్యాస్, బొగ్గు ఇవ్వాలి. వినడానికి ముచ్చటగా ఉంది. ఐదారేళ్లకే అది మూలపడింది. కారణం చెబితే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. దెబ్బ కొట్టింది మంచి వానలే. వానలు బాగా పడిన ఏడు కింది దేశాలకు పైనుంచి నీళ్లు అక్కర్లేదు. నీళ్లు అక్కర్లేదు కాబట్టి కరెంటు కొనలేదు, బొగ్గూ పంపలేదు. పంపకపోయేసరికి కిర్గిజ్‌స్తాన్ చలికాలంలో నీళ్లు వదిలేసింది. ఆ తర్వాత వచ్చిన కరువు ఏటికి డ్యామ్‌లో ఉండాల్సిన నీళ్లు లేవు.

అంటే ఒప్పందం కొన్నది కరెంటును. కొనాల్సింది నిల్వను. మంచి ఏడాదిలో నీళ్లు దాచి చెడ్డ ఏడాదికి ఇవ్వడం ఒక సేవ. ఆ సేవకు కట్ట మరమ్మతు ఖర్చుంది, సిబ్బంది జీతాలున్నాయి, చలికాలంలో వదులుకున్న కరెంటు ఉంది. 2001లో కిర్గిజ్ పార్లమెంటు నీటికి ధర ఉంటుందని చట్టమే చేసింది. దేవుడిచ్చిన నీటికి ధరేమిటని కింది దేశాలు కస్సుమన్నాయి. నా అభిప్రాయం అడిగితే, నీటికి ధర అన్న మాట తప్పే, నిల్వకు కూలి అన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ న్యాయం. ఆ రెంటికీ తేడా చెప్పలేక కిర్గిజ్ నాయకులు మంచి వాదనను చెడగొట్టుకున్నారు.

అదే న్యాయం అదే కిర్గిజ్‌స్తాన్, అదే కజకిస్తాన్ మధ్య ఇంకో చోట నిశ్శబ్దంగా అమలవుతోంది. చూ, తలాస్ అని రెండు చిన్న నదులున్నాయి. కిర్గిజ్ కొండల్లో పుట్టి కజక్ మైదానంలో ఇంకిపోతాయి. సోవియట్ యూనియన్ ప్రచురించిన తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు చింగీజ్ ఐత్‌మాతోవ్ గుర్తుంటాడు. ఆయన పుట్టింది ఈ తలాస్ లోయలోనే, షేకర్ అనే ఊళ్లో. ఈ నదుల మీద డ్యాములు కిర్గిజ్ నేల మీదున్నాయి. తలాస్ మీదున్న కిరోవ్ డ్యామ్ గోడకు లెనిన్ తలకాయ బొమ్మ ఇప్పటికీ ఉంది. కింద నిలబడి చూసేవాడు ఒక చుక్కలా కనిపిస్తాడట. డ్యామ్ ఒకరిది, వాడుకునేది పక్కవాడు కూడా, మరి గేటు తుప్పుపడితే ఎవరు మార్చాలి?

2000 జనవరి 21న రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. 1983 నాటి పాత వాటాలే ఉంచుకున్నాయి. చూ నీటిలో కిర్గిజ్‌స్తాన్‌కు 58 శాతం, కజకిస్తాన్‌కు 42 శాతం. తలాస్ చెరి సగం. కొత్తగా చేర్చింది ఏమిటంటే, తాను అందుకునే నీటి వాటాకు తగ్గట్టు ఆ డ్యాములు, కాలువల నిర్వహణ ఖర్చులో కజకిస్తాన్ భాగం కడుతుంది. 2006లో ఉమ్మడి సంఘం పని మొదలుపెట్టింది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం, ఐరోపా భద్రతా సహకార సంస్థ దానికి వెనక నిలబడ్డాయి. సంఘం చేసే పని వింటే ఆవలింత వస్తుంది. ఏ గేటుకు ఎంత ఖర్చు, ఎవరి వంతు ఎంత, వచ్చే వేసవికి ఏ కాలువ పూడిక తియ్యాలి. ఫోటోలు దిగే దేశాధ్యక్షులు లేరు. అందుకే అది నడిచిందని నా అనుమానం. అరల్ నిధికి దేశాధ్యక్షులే పెద్దలు. వాళ్ల సభల్లో ప్రకటనలకు లోటులేదు, సరస్సుకు మాత్రం నీళ్లు రాలేదు.

ఈ మాట అంటే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: ఉత్తర అరల్ బతికింది కదా? బతికింది. ఆ కథ వినాల్సిందే.

సరస్సు రెండు ముక్కలయ్యాక ఉత్తర ముక్క చిన్నది, అందులో కలిసేది సిర్‌దార్యా. కానీ నది తెచ్చిన కాసిన్ని నీళ్లు ఒక ఇరుకు దారి గుండా దక్షిణానికి జారిపోయి ఎండలో ఆవిరయ్యేవి. 1990ల మొదట్లో అరల్‌స్క్ స్థానిక అధికారులు ఆ దారికి అడ్డంగా ఇసుకతో కట్ట పోశారు. గండి పడింది, మళ్లీ పోశారు. మళ్లీ పడింది. ఆ కట్ట నిలబడ్డ కాలంలో నీళ్లు పెరగడం అందరూ కళ్లారా చూశారు. 1999 ఏప్రిల్‌లో తుఫాను గాలికి కట్ట కొట్టుకుపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. ఇసుక కట్ట పోయినా అది రుజువు చేసింది చాలు. ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది, కజక్ ప్రభుత్వం డబ్బు కలిపింది. నది మీద గట్లు, తూముల మరమ్మతులతో కలిపి సుమారు ఎనిమిదిన్నర కోట్ల డాలర్ల పథకం. 2005లో కొకరాల్ దగ్గర 13 కిలోమీటర్ల కట్ట లేచింది. నిండడానికి ఏళ్లు పడుతుందనుకున్నారు. మరుసటి వసంతానికే నీటిమట్టం 38 మీటర్ల నుంచి 42 మీటర్లకు చేరింది. ఉప్పు తగ్గింది. నదిలో తలదాచుకున్న మంచినీటి చేపలు మళ్లీ సరస్సులోకి దిగాయి. 2006లో పట్టిన చేప సుమారు 1,360 టన్నులు. పదేళ్లకు ఏడు వేల టన్నులు దాటింది.

ఇందులో నాకు బాగా నచ్చిన భాగం కట్ట కట్టక ముందుది. 1990ల మధ్యలో సరస్సు ఉప్పదనానికి తట్టుకుని మిగిలిన చేప దాదాపు ఒక్కటే. అజోవ్ సముద్రం నుంచి తెచ్చి వదిలిన కంబాల, ఒళ్లంతా బల్లపరుపుగా ఉండి అడుగున పడుకునే చేప. దాన్ని పట్టే వలలు అరల్ జాలరుల దగ్గర లేవు, తినే అలవాటూ లేదు. అప్పుడు డెన్మార్క్‌లోని కట్టెగాట్ తీరపు జాలరులు వచ్చారు. ఆ చేప వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వలలు తెచ్చారు, వెయ్యడం నేర్పారు. ఒక ఉమ్మడి పథకంగా అది కొన్నేళ్లు నడిచింది. ఎంత చేప పడిందన్నది పక్కన పెట్టండి. కట్ట వచ్చేదాకా పడవ నడపడం మరిచిపోని మనుషులు ఆ తీరాన మిగిలారు. అంతర్జాతీయ సహకారమంటే సూట్లు వేసుకున్న నిపుణులే వస్తారనుకుంటాం. అరల్‌కు ముందుగా పనికొచ్చింది రబ్బరు బూట్ల జాలరులే.

కానీ ఒక మాట ఒప్పుకోవాలి. ఉత్తర అరల్ విజయం నిజానికి దేశాల మధ్య సహకారం కాదు. సిర్‌దార్యా ముఖద్వారం, ఉత్తర సరస్సు, కట్ట, మూడూ కజక్ నేల మీదే ఉన్నాయి. పక్కవాడి సంతకం అక్కర్లేదు. దక్షిణ భాగానికి అముదార్యా నీళ్లు రావాలంటే తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్ ముగ్గురూ పత్తి, గోధుమ తగ్గించుకోవాలి. సరస్సు నిండేంతగా ఎవరూ తగ్గించుకోలేదు. 2014లో దక్షిణ భాగపు తూర్పు పళ్లెం పూర్తిగా ఎండిపోయింది, ఉపగ్రహ చిత్రంలో ఇసుకే కనిపించింది. ఉజ్బెకిస్తాన్ ఇప్పుడు అక్కడ సక్సావుల్ అనే ఎడారి చెట్లు నాటిస్తోంది, దుమ్ము లేవకుండా. 2018లో ఐక్యరాజ్యసమితి ఆ ప్రాంత ప్రజల కోసం ఒక ప్రత్యేక నిధి తెరిచింది. మంచిదే. కానీ ఆ పథకాల్లో ఎవరూ సరస్సును తిరిగి నింపుతామనడం లేదు. సరస్సు లేకుండా బతకడమెలాగో చూస్తున్నారు.

మంచు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. నదులు రెండూ మంచు నదాల మీద బతికేవే. ఆ మంచు ఎంతుందో ఏటా కొలవకపోతే వాటాల మాట గాలిలో దీపమే. కిర్గిజ్‌స్తాన్‌లో అబ్రామోవ్ మంచు నదం మీద సోవియట్ శాస్త్రజ్ఞులు 1960ల చివరి నుంచి లెక్కలు రాశారు. 1999లో సాయుధ తిరుగుబాటుదారులు ఆ కేంద్రాన్ని ధ్వంసం చేశారు. లెక్క ఆగిపోయింది. 2011లో స్విట్జర్లాండ్, జర్మనీ శాస్త్రజ్ఞులు, కిర్గిజ్ సంస్థతో కలిసి దాన్ని మళ్లీ మొదలుపెట్టారు. మధ్యలో పోయిన పన్నెండేళ్లను ఉపగ్రహ చిత్రాలు, పాత కొలతలు కలిపి అంచనా కట్టుకోవాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌కు అక్కడేం పని అంటారా? 1992లో అది ప్రపంచ బ్యాంకులో చేరినప్పుడు బోర్డులో కుర్చీకి తగినన్ని ఓట్లు కావాల్సి వచ్చి, అప్పుడే పుట్టిన మధ్య ఆసియా దేశాలతో జట్టు కట్టింది. ఆ జట్టును సరదాగా హెల్వెతిస్తాన్ అంటారు. స్వార్థంతో మొదలైన స్నేహమే. అయినా ముప్పై ఏళ్లుగా మధ్య ఆసియాలోని ఫెర్గానా లోయ కాలువల్లో, మంచు కొండల్లో వాళ్ల డబ్బూ మనుషులూ కనిపిస్తున్నారు.

ఎవరి దారి వాళ్లు చూసుకుందామన్న కాలం కూడా నడిచింది, దాని ఖర్చు తక్కువేమీ కాదు. చలికాలపు వరద పట్టుకోవడానికి కజకిస్తాన్ కొక్‌సరాయ్ దగ్గర వందకు పైగా టీఎంసీల కొత్త రిజర్వాయర్ కట్టుకుంది. తొక్తొగుల్‌ను సరిగా నడిపితే దాని అవసరమే ఉండదు. ఉజ్బెకిస్తాన్ 2009లో ఉమ్మడి కరెంటు గ్రిడ్ నుంచి బయటికొచ్చింది. అంతకుముందే 2008 చలికాలంలో తజికిస్తాన్ చీకట్లో వణికింది. ఆ దేశం వఖ్ష్ నది మీద రోగున్ డ్యామ్ కట్టాలని పట్టుబట్టింది. 335 మీటర్ల ఎత్తు, పూర్తయితే ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనది. 1976లో మొదలై సోవియట్ పతనంతో ఆగిపోయిన పని. ఉజ్బెక్ అధ్యక్షుడు కరీమోవ్ 2012లో ఈ నీటి తగాదాలు యుద్ధాల దాకా పోవచ్చని బహిరంగంగానే హెచ్చరించాడు. రోగున్ సరుకు రైళ్లను ఉజ్బెకిస్తాన్ ఆపేస్తోందని తజికిస్తాన్ ఆరోపించేది.

2016లో కరీమోవ్ చనిపోయాడు. తర్వాత వచ్చిన మిర్జియోయెవ్ 2018లో తజికిస్తాన్ రాజధాని దుషాంబే వెళ్లి కొత్త మాట మొదలుపెట్టాడు. రోగున్‌ను అడ్డుకోవడం మానేసి, అక్కడి కరెంటు కొంటామన్నాడు. మనిషి మారితే విధానం మారడం మంచి సంగతే గానీ, కొంచెం భయపెట్టే సంగతి కూడా. కాగితం బలంగా ఉంటే మనిషి ఎవరైనా ఒకటే కావాలి.

ఆ కాగితం ఇప్పుడిప్పుడే తయారవుతోంది. 2023 జనవరిలో కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నారిన్ నది మీద, తొక్తొగుల్‌కు ఎగువన, కంబరాతా-1 అనే పెద్ద డ్యామ్‌ను కలిసి కట్టడానికి ఒక ప్రణాళిక మీద సంతకాలు పెట్టాయి. 1,860 మెగావాట్లు. ఖర్చులో, వాటాల్లో దిగువ దేశాలు కూడా భాగస్వాములు. దీని కిటుకు చూడండి. పైనున్న కంబరాతాలో చలికాలం కరెంటు తీస్తే, ఆ వదిలిన నీళ్లు కిందున్న తొక్తొగుల్‌లో నిలుస్తాయి. వేసవిలో అక్కణ్ణుంచి చేలకు పోతాయి. కిర్గిజ్ ఇంటికి వేడి, ఉజ్బెక్ చేనుకు తడి, రెండూ దొరుకుతాయి. డ్యామ్‌లో తన డబ్బున్న దేశం ఎగువవాడితో కొట్లాడే తీరు వేరుగా ఉంటుంది, లెక్కలడిగే తీరూ వేరుగా ఉంటుంది.

పెద్ద డ్యాముల సంగతి తేలినా చిన్న కాలువ దగ్గర మనుషులు చచ్చిన సందర్భమూ ఉంది. 2021 ఏప్రిల్‌లో కిర్గిజ్, తజిక్ సరిహద్దులో గొలొవ్‌నోయ్ అనే నీటి పంపకం చోట ఒక నిఘా కెమెరా పెట్టడం మీద గొడవ మొదలై రెండు రోజుల్లో 50 మందికి పైగా ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో మళ్లీ పోరు, ఈసారి చావులు వంద దాటాయి. 2025 మార్చి 13న బిష్కెక్‌లో ఇద్దరు అధ్యక్షులూ సరిహద్దు ఒప్పందం మీద సంతకం చేశారు. దాంతోపాటే రోడ్ల మీద, నీటి కట్టడాల అందుబాటు మీద కూడా రాసుకున్నారు. గీత గీసి ఊరుకోకుండా నీటి గేటు సంగతి కూడా చేర్చారు కాబట్టి ఈ ఒప్పందం మీద నాకు కాస్త నమ్మకం.

ఇన్ని సంతకాలు పెట్టిన బల్ల దగ్గర ఒక దేశానికి మొదటి నుంచీ కుర్చీ లేదు. అఫ్ఘానిస్తాన్. అముదార్యా నీటిలో దానికీ వాటా ఉంది, నదికి ఒక గట్టు దానిదే. 1992లో అల్మాటీలో వాటాలు పంచుకున్నప్పుడు ఆ దేశంలో పోరు నడుస్తోంది, ఎవరూ పిలవలేదు. 2022లో తాలిబాన్ ప్రభుత్వం కోష్ తెపా కాలువ తవ్వడం మొదలుపెట్టింది. మొత్తం 285 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లకు పైగా 2023 చివరికే తవ్వేశారు. పూర్తయితే ఏటా ఆరు నుంచి పది ఘన కిలోమీటర్లు, అంటే రెండు వందల నుంచి మూడు వందల యాభై టీఎంసీల దాకా లాగవచ్చని అంచనాలు. ఆకలితో ఉన్న దేశం తన నది నీళ్లు వాడుకోవడాన్ని తప్పుపట్టలేం. తప్పు తవ్విన తీరులో ఉంది. ఇసుక నేలలో లైనింగ్ లేకుండా తవ్వుతున్నారు, అచ్చం 1954లో కారాకుమ్ కాలువ తవ్వినట్టే.

తలాస్ నది దగ్గర కజకిస్తాన్ చేసిన పనే ఇక్కడ ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ చెయ్యవచ్చు. పక్క దేశంలో ఉన్న కాలువకు తమ డబ్బుతో లైనింగ్ వేయిస్తే, ఇసుకలో ఇంకిపోయే నీళ్లలో కొంత నదిలోనే మిగిలి తమ చేలకే వస్తుంది. కాంక్రీటుకు అయ్యే ఖర్చును ఇంజనీర్లు లెక్క కట్టగలరు. అల్మాటీ బల్ల దగ్గర కుర్చీ లేని ప్రభుత్వానికి ఆ డబ్బు ఏ ఒప్పందం కింద, ఎవరి చేతికి ఇవ్వాలన్నది మాత్రం తాష్కెంట్, అష్గాబాద్, కాబూల్ కూర్చుని తేల్చుకోవాలి.